వాసనను వినేవాళ్ళకి సెంటు ఎందుకు ఇబ్బంది?

అరచేతిలో ఇమిడేంత పింగాణీ గిన్నె. దాని నిండా మెత్తని బూడిద. బూడిద లోపల, పైకి కనపడకుండా, ఒక నిప్పు కణిక. బూడిదను చిన్న గుట్టలా ఎగదువ్వి, కొసన పుల్లతో సన్నగా పొడుస్తారు, వేడి పైకి రావడానికి. ఆ కన్నం మీద చదరపు అభ్రకం రేకు. రేకు మీద అగరు చెక్క ముక్క, చిటికెన వేలి గోరు కంటే చిన్నది. అది కాలదు, పొగా రాదు. నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతే. గిన్నెను ఎడమ చేతిలో పెట్టుకుని, కుడి చేత్తో దాన్ని మూసి, కాస్త సందు వదిలి, అక్కడ ముక్కు పెట్టి మూడుసార్లు పీలుస్తారు. ఊపిరి వదిలేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటారు. తర్వాత గిన్నె పక్కవాళ్ళ చేతికి వెళ్తుంది.

ఈ కళ పేరు కోదో. ఈ పనికి జపాన్‌లో వాడే క్రియ ‘కికు’, అంటే వినడం. మామూలుగా వాసన పీల్చడానికి ‘కగు’ అని వేరే మాట ఉంది, దాన్ని ఇక్కడ వాడరు. వింతగా అనిపించొచ్చు గానీ, ‘పాలు విరిగాయేమో, ఒకసారి వాసన చూడు’ అని మనం రోజూ అంటూనే ఉంటాం. ముక్కు చేసే పనిని మనం కంటికి అప్పజెప్పాం, వాళ్ళు చెవికి అప్పజెప్పారు. ఇది జపాన్ వాళ్ళ సొంత కవిహృదయం అని చాలా చోట్ల రాస్తుంటారు. అది సగమే నిజం. వాళ్ళు వాడే అక్షరం చైనాది. చైనా భాషలో ఆ ఒక్క అక్షరానికే వినడం, వాసన చూడడం రెండు అర్థాలూ ఉన్నాయి. జపాన్ వాళ్ళు చేసిందల్లా ఆ ‘వినడాన్ని’ గట్టిగా పట్టుకుని దాని చుట్టూ ఒక క్రమశిక్షణ కట్టుకోవడం.

ఇక ఇదే దేశంలో ఇంకో రకం దృశ్యాలు. సుషీ తినడానికి వచ్చేవాళ్ళని సెంటు పూసుకుని రావద్దని కోరే హోటళ్ళున్నాయి. ఆఫీసులో ఒకరి ఒంటి వాసన, ఒకరి సెంటు వాసన పక్కవాళ్ళని ఇబ్బంది పెడితే దానికి ‘సుమెహరా’ అని పేరు, ‘స్మెల్ హరాస్‌మెంట్’ని కుదించిన మాట. బట్టలకి వాడే సాఫ్ట్‌నర్ వాసన పడక చదువులూ ఉద్యోగాలూ వదులుకున్నవాళ్ళున్నారు. వాసనను కళగా మలిచిన మనుషులే వాసనకి ఇంతలా ఎందుకు ఇబ్బంది పడతారు?

దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. జపాన్ వాళ్ళకి ఘాటైన వాసనలంటే పడదు అనేది ఒకటి. జెన్ బౌద్ధం నేర్పిన నిరాడంబరత అనేది ఇంకొకటి. చరిత్ర తిరగేస్తే ఈ రెండూ నిలబడవు. ఎందుకంటే వెయ్యేళ్ళ కిందట ఇదే దేశంలో పెద్దింటివాళ్ళు తమ వాసన పది అడుగుల ముందే చేరేలా తయారయ్యేవాళ్ళు.

కథ మొదలయ్యేది ఒక కొయ్య దుంగతో. జపాన్ ప్రాచీన చరిత్ర గ్రంథం ‘నిహోన్ షోకి’లో ఉంది: 595లో అవాజీ దీవి ఒడ్డుకి ఒక దుంగ కొట్టుకొచ్చింది. ఊరివాళ్ళు వంటచెరకు అనుకుని పొయ్యిలో పెట్టారు. లేచిన పొగ పరిమళానికి ఆశ్చర్యపోయి, దుంగని తీసుకెళ్ళి రాజసభకి సమర్పించారు. అది అగరు. మన అగరుబత్తి పేరులో ఇప్పటికీ మిగిలున్న అగరే. అందులో అన్నిటికన్నా మేలురకాన్ని జపాన్‌లో ‘క్యారా’ అంటారు. నల్ల అగరుకి సంస్కృతంలో ఉన్న ‘కాలాగురు’ అనే మాటే తిరిగి తిరిగి అలా మారిందని చెబుతారు.

ఆ చెట్టు జపాన్‌లో పెరగదు. ఆగ్నేయాసియా అడవుల్లో పెరుగుతుంది, మన ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఉంది. చెట్టుకి గాయమై లోపల బూజు పడితే, దాన్ని ఎదుర్కోవడానికి చెట్టు ఊరబెట్టుకునే జిగురు వల్లే చెక్క నల్లబడి, బరువెక్కి, పరిమళం పడుతుంది. అందుకే దాని పేరు ‘జిన్కో’, నీళ్ళలో మునిగే పరిమళం అని. మంచి గంధమూ అక్కడ లేదు, అది భారతదేశం నుంచి వెళ్ళేది. అంటే ధూపానికి కావలసిన ముఖ్యమైన దినుసులన్నీ సముద్రం దాటి రావలసినవే. ఆ గోరంత ముక్క, కాల్చకుండా వేడి చేయడం, ఒక గిన్నెను పదిమంది పంచుకోవడం, వీటిని ఆధ్యాత్మికత అనుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బంగారంలా దొరికే సరుకుని ఎవరూ గంపలకొద్దీ తగలబెట్టరు.

ఎంత అపురూపమో చూడాలంటే ‘రంజతాయ్’ చాలు. నారాలోని షోసోయిన్ భాండాగారంలో ఉండే అగరు దుంగ ఇది. పొడవు 156 సెంటీమీటర్లు, బరువు 11.6 కిలోలు. దాని పేరు రాసే మూడు చైనా అక్షరాల లోపల ‘తోదాయ్‌జీ’ అనే గుడి పేరు దాక్కుని ఉంటుంది. 15వ శతాబ్దంలో షోగున్ (దేశాన్ని ఏలే సైనికాధిపతి) అషికాగా యోషిమాసా, 1574లో ఒదా నొబునగా, 1877లో మెయిజీ చక్రవర్తి దీని నుంచి ముక్కలు తీయించుకున్నారు. ఎక్కడ ఎవరు కోశారో చెప్పే చీటీలు దుంగ మీదే అంటించి ఉన్నాయి. దేశాన్ని గుప్పిట్లోకి తెచ్చుకుంటున్న నొబునగా లాంటి యోధుడికి తన అధికారం చాటుకోవడానికి ఒక చెక్క ముక్క కావలసి వచ్చింది.

ఇప్పుడు వెయ్యేళ్ళ కిందటి క్యోటోకి వద్దాం. హెయాన్ కాలపు రాజకుటుంబాలు అగరు, గంధం, లవంగం, కస్తూరి లాంటివి పొడి కొట్టి, తేనెతోనో ప్లమ్ జాతి పండు గుజ్జుతోనో ముద్ద చేసి మాగబెట్టేవి. ఒక్కో ఇంటికీ ఒక పాళ్ళు, ఒక గుట్టు. బట్టలకి ఆ పరిమళం పట్టించే పద్ధతి చదివితే మనకి వెంటనే మన ఇల్లే గుర్తొస్తుంది. ధూపం గిన్నె మీద గంపలాంటి చట్రం బోర్లించి దాని మీద బట్టలు పరిచేవాళ్ళు. తలంటి పోశాక నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, గంప బోర్లించి, పైన జుట్టు ఆరబోయించే అమ్మమ్మలు అచ్చం అదే చేశారు.

ఆ గదులు చీకటి గదులు. ఆడవాళ్ళు తెరల వెనక ఉండేవాళ్ళు. మొహం కనపడకముందే మనిషి ఎవరో చెప్పేది పరిమళమే. మనిషి నడిచి వెళ్ళాక వెనక మిగిలే పరిమళపు గాలికి ‘ఒయికజె’ అని పేరే ఉంది. 11వ శతాబ్దంలో మురసకి షికిబు రాసిన గెంజి కథ చివరి భాగంలో ఇద్దరు కథానాయకుల పేర్లే పరిమళం మీద ఉంటాయి. కఓరు అనేవాడికి పుట్టుకతోనే ఒంటికి సువాసన. నిఓఉ అనే రాకుమారుడు అతనితో పోటీ పడి, రకరకాల ధూపాలు కలిపించి బట్టలకి పట్టిస్తాడు. పక్కవాళ్ళకి నా వాసన తగలకూడదు అనే ఆలోచన ఆ లోకంలో ఎక్కడా లేదు. తగలాలి, తగిలి గుర్తుండిపోవాలి.

మలుపు 15వ శతాబ్దంలో వచ్చింది. షోగున్ యోషిమాసా కాలంలో షినో సోషిన్, సంజోనిషి సనెతకా అనే ఇద్దరి పేర్ల మీద కోదో రెండు ప్రధాన సంప్రదాయాలుగా స్థిరపడింది, అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇక్కడ పరిమళం ఒంటి మీద నుంచి దిగి గిన్నెలోకి వెళ్ళింది. దాన్ని కలపరు, ఒక్క చెక్కనే వింటారు. చెక్కల్ని ఆరు రకాలుగా విడదీశారు. ఆ పేర్లలో కొన్ని రేవుల పేర్లు, దీవుల పేర్లు జపాన్ నోట్లో నలిగి మారినవే. ‘సుమొతర’ అంటే సుమత్రా అని ఇట్టే తెలిసిపోతుంది. వాసనని వర్ణించడానికి వాళ్ళు వాడేది రుచులు: తీపి, పులుపు, కారం, చేదు, ఉప్పు. ముక్కుకి సొంత మాటలు తక్కువ, నాలుక దగ్గర అప్పు తెచ్చుకోక తప్పదు.

కోదోలో నాకు ఎంతో ఇష్టమైంది ‘గెంజికో’ అనే ఆట. ఐదు రకాల అగరు, ఒక్కోటి ఐదు పొట్లాలు, మొత్తం 25. అన్నీ కలిపేసి ఐదు పొట్లాలు తీస్తారు. ఒకటి తర్వాత ఒకటి వేడి చేసి, గిన్నె వరసగా అందరికీ తిప్పుతారు. ఏది ఏ రకమో చెప్పనక్కరలేదు. ఏది దేనితో ఒకటో, ఏది వేరో చెబితే చాలు. కుడి నుంచి ఎడమకి ఐదు నిలువు గీతలు గీసి, ఒకే వాసన అనిపించినవాటిని పైన అడ్డగీతతో కలుపుతారు. ఐదూ వేర్వేరైతే ఐదు గీతలు విడివిడిగా నిలబడతాయి. ఐదూ ఒకటే అయితే పైన ఒకే దూలం. ఇలా మొత్తం ఎన్ని బొమ్మలు రావచ్చు? సరిగ్గా 52. గెంజి కథలో అధ్యాయాలు 54. మొదటిదీ చివరిదీ వదిలేసి, ఒక్కో బొమ్మకి ఒక్కో అధ్యాయం పేరు పెట్టారు. ఐదు వస్తువుల్ని గుంపులుగా విడదీసే దారులు 52 అని ఇప్పటి గణితం చెప్పే లెక్క ఇదే. వాళ్ళు దాన్ని గీతలు గీసి పట్టుకున్నారు. ఆ బొమ్మలు తర్వాత కిమోనోల మీదికీ, మిఠాయిల మీదికీ ఎక్కాయి.

ఈ ఆటలో కావలసింది నిశ్శబ్దం లాంటి గాలి. ఎవరైనా సెంటు పూసుకొస్తే ఆ గదిలో అందరి ముక్కూ పాడైనట్టే. కోదోకి వచ్చేవాళ్ళని సెంటు వాడొద్దనేది అందుకే. పరిమళం అంటే గిట్టక పెట్టిన నియమం కాదది, ఒకదాన్ని వినడానికి తక్కినవాటిని ఆపడం. సుషీ దగ్గర జరిగేదీ అదే.

మామూలు ఇళ్ళలో పరిమళం దారి వేరు. అక్కడ అది బుద్ధుడిదీ, పోయినవాళ్ళదీ. ఇంట్లో పూజామందిరం ముందు ఊదొత్తి. అంత్యక్రియల్లో వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకెళ్ళి, చిటికెడు ధూపం పొడి తీసి, చాలా శాఖల్లో నుదుటి దాకా ఎత్తి, నిప్పుల మీద వేస్తారు. ఆ ఇంటికి కవర్లో పెట్టి ఇచ్చే డబ్బుని ‘కోదెన్’ అంటారు, ధూపానికి ఇచ్చే కానుక అని. దుంగ కొట్టుకొచ్చిందని చెప్పే అవాజీ దీవే ఇవాళ జపాన్ ఊదొత్తుల్లో సింహభాగం తయారుచేస్తోంది. వాటిలో మనవాటిలా వెదురు పుల్ల ఉండదు, చివరిదాకా ధూపమే. వెదురు కాలే వాసన కలవదు కాబట్టి సన్నగా, తక్కువగా ఉన్నా సరిపోతుంది.

భాషలో కూడా ఈ తూకం కనిపిస్తుంది. ‘కఓరి’ అంటే మంచి పరిమళం. ‘నిఓయి’ అంటే ఏ వాసనైనా. అదే మాటని వేరే అక్షరంతో రాస్తే దుర్వాసన. ప్రాచీన కవిత్వంలో ‘నిఓఉ’ అనే క్రియకి రంగు మెరిసిపోవడం అని అర్థం, వాసన అనే అర్థం తర్వాత బలపడింది. ఇక ‘కుసై’ అంటే కంపు. మనం ‘పల్లెటూరి వాసన ఇంకా పోలేదు’ అన్నట్టే వాళ్ళు ‘ఇనకకుసై’ అంటారు. ‘మిజుకుసై’, నీళ్ళ కంపు, అంటే అయినవాళ్ళ దగ్గర పరాయివాడిలా మొహమాటపడడం. పాశ్చాత్యుల పోకడలున్న మనిషినో వస్తువునో ‘బతకుసై’ అన్నారు, అంటే వెన్న కంపు. పాలూ వెన్నా తినే అలవాటు లేని దేశానికి తెల్లవాళ్ళు ముందుగా ఒక వాసనగానే తగిలారు.

ఇక్కడ ఒంటి సంగతి కూడా చెప్పాలి. 2006లో జపాన్ పరిశోధకులు ఏబీసీసీ11 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు వల్ల చెవిలో గులిమి తడిగా ఉంటుందో పొడిగా ఉంటుందో తేలుతుందని కనుక్కున్నారు. అదే జన్యువు చంక చెమట వాసనని కూడా నిర్ణయిస్తుంది. తూర్పు ఆసియాలో ఎక్కువమందిది పొడి రకం, అంటే ఒంటి వాసన తక్కువ రకం. అందువల్ల చెమట వాసన అణచడానికే ఘాటు సెంటు పూసుకోవలసిన అవసరం అక్కడ చాలామందికి రాలేదు. వాసన ఉన్న కొద్దిమంది మాత్రం జనంలో ఇట్టే బయటపడతారు. కానీ జన్యువుతోనే అంతా అయిపోదు. జన్యువు అదే ఉండగానే హెయాన్ పెద్దలు పరిమళాల్లో మునిగితేలారు.

ఇవాళ్టి జపాన్ ముక్కుని మలిచింది జెన్ కన్నా ఎక్కువగా ఫ్యాక్టరీలు, చట్టాలు, కంపెనీలు అని నేను అనుకుంటాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశ్రమలు ఊళ్ళ మీద పడ్డాయి. కాలుష్యానికి జపనీస్ మాట ‘కోగాయ్’. 1971లో దుర్వాసన నియంత్రణకి ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. మొదట్లో అమ్మోనియా లాంటి పదార్థాలు గాలిలో ఎంత ఉన్నాయో కొలిచేవాళ్ళు. కానీ దుర్వాసన చాలాసార్లు పది పదార్థాలు కలిస్తే వస్తుంది, ఏ ఒక్కదాన్ని కొలిచినా హద్దులోనే ఉంటుంది. దాంతో 1995 సవరణలో మనిషి ముక్కునే కొలమానంగా చట్టంలోకి తెచ్చారు.

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. మూడు సంచులు ఇస్తారు. రెండింటిలో శుభ్రమైన గాలి, ఒకదాంట్లో ఫ్యాక్టరీ దగ్గర పట్టుకొచ్చిన గాలిని పలచన చేసి నింపుతారు. వాసన ఉన్న సంచి ఏదో చెప్పాలి. చెబితే ఇంకా పలచన చేసి మళ్ళీ ఇస్తారు. ఆరుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది పసిగట్టలేనిదాకా ఇది సాగుతుంది. ఎన్ని రెట్లు పలచన చేస్తే వాసన పోయిందో దాన్నిబట్టి ఆ ఫ్యాక్టరీ అంకె తేలుతుంది. ఈ పరీక్ష నడిపేవాళ్ళకి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. వాసన చూసేవాళ్ళని కూడా ముందు పరీక్షిస్తారు. గులాబీ, మాడిన చక్కెర, చెమట సాక్సు, పీచ్ పండు, మలం, వీటిని పోలిన ఐదు వాసనల్ని కాగితపు పుల్లలకి అద్ది, ఉత్త పుల్లలతో కలిపి ఇస్తారు, పట్టుకోవాలి. చదువుతుంటే నాకు గెంజికో గుర్తొచ్చింది. ఇది దాని నుంచి పుట్టిందని అనను. కానీ ఏది ఒకటి, ఏది వేరు అని ముక్కుని అడిగి, ఆ జవాబుని నమ్మి లెక్క రాసుకోవడం రెండు చోట్లా ఒకటే.

అదే ప్రభుత్వం 2001లో ఇంకో పని చేసింది. దేశంలో కాపాడుకోవలసిన వంద వాసనల దృశ్యాల్ని పర్యావరణ శాఖ ఎంపిక చేసింది. ఫురానోలో లావెండర్, బెప్పు వేడినీటి బుగ్గల ఆవిరి, అవాజీ ఊదొత్తులు ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. టోక్యోలో కందా పాత పుస్తకాల వీధి కూడా ఉంది. ఒసాకాలో త్సురుహషి స్టేషన్ చుట్టుపక్కల కూడా ఉంది, కొరియా మూలాలున్నవాళ్ళ దుకాణాల్లో మాంసం కాలుతున్న వాసనకి. జపాన్ వాళ్ళకి ఘాటు వాసన పడదనేవాళ్ళు ఆ స్టేషన్‌లో ఒకసారి రైలు దిగి చూడాలి.

ఒంటి మీది వాసనకి మాత్రం కాలం అంత దయ చూపలేదు. వయసు మీరినవాళ్ళ చర్మం మీద 2-నోనెనాల్ అనే పదార్థం పెరుగుతుందని సౌందర్య సాధనాల కంపెనీ షిసెయిదో పరిశోధకులు కనుక్కున్నారు, 2001లో ఆ వ్యాసం అచ్చయింది. దానికి ‘కరెయిషూ’ అని పేరు కూడా పెట్టారు, వయసు వాసన అని. అంతకుముందు తాతయ్య దగ్గర వచ్చే వాసన తాతయ్య వాసనే. పేరు పెట్టాక అది లోపమైంది, దానికి సబ్బూ స్ప్రే వచ్చాయి. నలభై దాటిన మగవాళ్ళు తమ దిండు తామే వాసన చూసుకుని టెన్షన్ పడే పరిస్థితి వచ్చింది. సైన్సు తప్పని అనడం లేదు. ముసలితనాన్ని కంపుగా చూపించి అమ్ముకోవడం నాకు బాధగానే ఉంటుంది.

టోక్యోలో నిషి కసాయి లాంటి చోట్ల కాపురముంటున్న మనవాళ్ళకి ఈ సంగతులన్నీ వంటింట్లోనే తెలుస్తాయి. ఇంగువ తిరగమోత పక్క ఫ్లాట్‌కి వెళ్ళిందంటే అది ‘మెయివకు’, అంటే ఎదుటివాళ్ళకి కలిగించే ఇబ్బంది. వాసన మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి మాట. ఎదుటివాళ్ళు అడగకుండా వాళ్ళ గాలిలోకి వెళ్ళిందా లేదా అన్నదే అక్కడి లెక్క. కిక్కిరిసిన రైళ్ళు, పలచటి గోడలు ఉన్న ఊళ్ళలో ఆ లెక్క పుట్టడం సహజమే. కోదో గిన్నె నీ చేతికొచ్చినప్పుడు నువ్వు ముక్కు దగ్గర పెట్టుకుంటావు. సెంటు అలా కాదు, నువ్వు పిలవకపోయినా వస్తుంది.

దీన్ని తలకిందులు చేసింది సాఫ్ట్‌నర్. 2000ల్లో విదేశీ సాఫ్ట్‌నర్ల ఘాటు పరిమళం ఫ్యాషనైంది, స్వదేశీ కంపెనీలూ అదే బాట పట్టాయి. పరిమళాన్ని కంటికి కనపడని గుళికల్లో పెట్టి బట్టకి అంటించే పద్ధతి వచ్చింది. రాపిడికి గుళిక పగిలి, రోజంతా వాసన వదులుతూ ఉంటుంది. హెయాన్ కాలపు ఒయికజె మళ్ళీ వచ్చినట్టయింది, ఈసారి అందరి ఒంటి మీదా. తలనొప్పి, వికారం, ఊపిరాడకపోవడం అంటూ ఫిర్యాదులు పెరిగాయి. 2013లో వినియోగదారుల వ్యవహారాల జాతీయ కేంద్రం హెచ్చరిక జారీ చేసింది. 2017లో ఒక వినియోగదారుల సంఘం బాధితుల కోసం ఫోన్ లైన్ పెట్టింది. ఈ బాధకి పెట్టిన పేరు కూడా ‘కోగాయ్’. కాలుష్యానికి వాడే కోగాయ్‌నే పలుకు మార్చకుండా, మొదటి అక్షరం దగ్గర పరిమళం అనే అక్షరం రాశారు. పరిమళమే కాలుష్యం అన్నమాట. 2021లో ఐదు ప్రభుత్వ శాఖలు కలిసి పోస్టర్ వేశాయి, ఆ పరిమళంతో ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఉండొచ్చు అని. కంపెనీలకి హద్దు పెట్టడం మానేసి, వాడేవాళ్ళ మంచితనానికి వదిలేశారని బాధితుల ఆవేదన. అది న్యాయమైన ఆవేదనే.

జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో మధ్యాహ్నం భోజనం పిల్లలే వడ్డిస్తారు. ఆ వారం వంతు వచ్చినవాళ్ళు తెల్లటి పైచొక్కా, టోపీ వేసుకుంటారు. చొక్కాలు బడివి, అందరికీ కలిపి. శుక్రవారం ఇంటికి తీసుకెళ్ళి ఉతికి, సోమవారం తర్వాతి పిల్లకి ఇవ్వాలి. ఒక ఇంట్లో వాడిన సాఫ్ట్‌నర్ అలా ఇంకో ఇంటి పిల్ల ఒంటి మీదికి వస్తుంది. వాసన పడని పిల్ల ఇంట్లో ఆ చొక్కాని ఎన్నిసార్లు ఉతికినా వాసన వదలదు. కొన్ని బడులు ఈమధ్య ఎవరి చొక్కా వాళ్ళే తెచ్చుకునే పద్ధతికి మారాయి.